అచ్చులో లేని పేరు



నాన్న పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. అంత పెద్ద అక్షరాల్లో ఆ పేరు చూడడం నాకిదే మొదలు. అది మీరందరూ చదివే ఉంటారు కాబట్టి నేను మళ్లీ చెప్పను, నాన్న అనే అంటాను. ఇంట్లో ‘నువ్వు’ అని పిలిచిన మనిషిని వేదిక ఎక్కగానే ‘వారు’ అనడం నా వల్ల కాదు. పెద్దలు మన్నించాలి.

తమ్ముడూ నేనూ కొంత సొమ్ము ఈ గ్రంథాలయం పేరిట బ్యాంకులో వేశాం. దాని వడ్డీతో ఏటా ఒక ఉపన్యాసం జరగాలని మా కోరిక. స్మారకోపన్యాసాలు సాధారణంగా పండితుల పేరిటో దాతల పేరిటో ఉంటాయి. నాన్న ఐదో తరగతి వరకే చదివిన కంపోజిటరు. 1955లో పదిహేడేళ్ల వయసులో తెనాలిలో ఒక అచ్చాఫీసులో చేరాడు. 1993 దాకా, అంటే ముప్ఫై ఎనిమిదేళ్లు, సీసపు అక్షరాలు పేర్చాడు.

తెనాలి అనగానే మనకు చక్రపాణి గారు గుర్తొస్తారు, కొడవటిగంటి కుటుంబరావు గారు గుర్తొస్తారు. 1947 జూలైలో మద్రాసులో మొదలైన చందమామ వెనక ఈ ఊరి మనుషులున్నారని గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. రాసినవాళ్ల పేర్లు మనకు తెలుసు, ప్రచురించినవాళ్ల పేర్లూ తెలుసు. ఆ ఇద్దరి మధ్యా నిలబడి పనిచేసిన మూడో మనిషి గురించి నేను మాట్లాడాలి. ‘నిలబడి’ అని ఊరికే అనడం లేదు. కంపోజిటరుకు కుర్చీ ఉండదు. పొద్దున ఎనిమిదింటికి కేసు ముందు నిలబడితే మధ్యాహ్నం అన్నానికే కూర్చోవడం.

ఇక్కడున్న పిల్లల కోసం ఆ పని కాస్త చెబుతాను. కేసు అంటే గళ్లు గళ్లుగా చేసిన చెక్క పెట్టె. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. ఇంగ్లీషుకు చిన్నవీ పెద్దవీ కలిపి యాభై రెండు అక్షరాలతో సరిపోతుంది. మనకలా కాదు. తలకట్టుతో ఒకటి, గుడితో ఒకటి, కొమ్ముతో ఒకటి, ఆపైన ఒత్తులు. అన్నీ కలిపి వందల గళ్లు. ఎక్కువగా పడే న, ల, ర లాంటివి చేతికి దగ్గరగా ఉంటాయి. ఙ, ఞ ఎక్కడో మూలన ఉంటాయి. ఎడమచేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు పట్టుకుని, కళ్లు రాతప్రతి మీదే పెట్టి, కుడిచేత్తో అక్షరాలు తీసి పేర్చుకుంటూ పోవాలి. అక్షరం దిమ్మ పక్కన చిన్న గాడి ఉంటుంది. అది బొటనవేలికి తగిలితే అక్షరం సరిగ్గా నిలబడినట్టు. అచ్చులో తిన్నగా పడాలి గనుక సీసంలో అక్షరం తిరగేసి ఉంటుంది. స్టిక్కులో అది తలకిందులుగా కూడా ఉంటుంది. నాన్న ఆ వరుసలను మనం పేపరు చదివినంత తేలిగ్గా చదివేవాడు.

అచ్చయ్యాక ఫారం, అంటే పేజీలు బిగించిన చట్రం, విప్పి అక్షరాలన్నీ మళ్లీ ఎవరి గడిలోకి వాళ్లను పంపాలి. దాన్ని ‘డిస్ట్రిబ్యూట్ చేయడం’ అనేవాళ్లు. నిన్న డిటెక్టివ్ నవలలో హత్య చేసిన అక్షరాలే ఇవాళ సత్యనారాయణ వ్రతకథ చెప్పేవి. ఎల్లుండి ఎవరింటి పెళ్లికో పిలిచేవి. చిన్నప్పుడు నాకు ఇది గొప్ప విడ్డూరంగా ఉండేది. ఇప్పటికీ ఆ విడ్డూరం తగ్గలేదు.

ఆ పనిలో ఆదాయం ముహూర్తాల మీద ఆధారపడేది. మాఘం, వైశాఖం వస్తే శుభలేఖలు. మూఢం వస్తే చేతిలో పని ఉండదు, ఇంట్లో పాలు సగమవుతాయి. ఉగాదికి ముందు పంచాంగాలు. వాటిలో పేజీ నిండా గళ్లూ అంకెలూ ఘడియలూ విఘడియలూ. అంకె ఒకటి తప్పితే ఎవరో ఎక్కడో వర్జ్యంలో పెళ్లి చేస్తారు. పంచాంగం పని నాన్నకే ఇచ్చేవాళ్లు. ఆ నెలంతా ఇంటికి వచ్చేసరికి రాత్రి పదకొండు దాటేది.

ఎన్నింటికి వచ్చినా ముందు పెరట్లోకి వెళ్లి చింతపండూ బూడిదా వేసి మోచేతుల దాకా తోముకునేవాడు. అచ్చు అక్షరం అంటే సీసంలో కాస్త తగరం, కాస్త ఆంటిమొనీ కలిపి పోసినది. సీసం ఒంట్లోకి పోతే పిల్లలకు మరీ ప్రమాదమని ఇప్పుడు అందరికీ తెలుసు. నాన్నకు ఆ రోజుల్లో ఎవరూ చెప్పలేదు. అయినా చేతులు కడుక్కోకుండా మమ్మల్ని ముట్టుకునేవాడు కాదు. నేను పరిగెత్తుకుంటూ వెళితే రెండు చేతులూ పైకెత్తి, “ఆగమ్మా, ఆగు, చేతులు సీసం” అనేవాడు. నాన్న అనగానే నాకు మొదట గుర్తొచ్చేది అలా పైకెత్తిన ఆ రెండు చేతులే.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన రాత్రి. ఆ రాత్రి సముద్రం మింగిన వేల ప్రాణాల ముందు మా నష్టం చెప్పుకోదగ్గది కాదు. తెనాలిలో మా ఇంటి గోడ ఒకటి కూలింది. నాన్న పనిచేసే అచ్చాఫీసు రేకులు లేచిపోయాయి, కేసులు స్టాండ్ల మీద నుంచి పడిపోయాయి. రెండో రోజు నాన్న నన్ను చంకన వేసుకుని చూడడానికి వెళ్లాడు. నేల నిండా నీళ్లు, నీళ్ల అడుగున అక్షరాలు. పేర్చిన అక్షరాలు ఇలా కలగలిసి పోతే ప్రెస్సు భాషలో ‘పై అయింది’ అంటారు. ఒక వరుస పై అయితేనే కంపోజిటరుకు ఏడుపొస్తుంది. అక్కడ మొత్తం అచ్చాఫీసే పై అయింది. యజమాని గుమ్మంలో కూలబడ్డాడు. నాన్న పంచె ఎగగట్టి చేటతో అక్షరాలు ఎత్తడం మొదలుపెట్టాడు.

వాటిని కడిగి, గోనెల మీద ఆరబోసి, ఏరడానికి సంక్రాంతి దాకా పట్టింది. నాకప్పుడు ఆరేళ్లు. బడికి కప్పు లేక సెలవులు. నాన్న పక్కన కూర్చుని నేనూ ఏరేదాన్ని. “ఇది మ, ఇది య. చూడు, ఎక్కడ తేడా?” అని అరచేతిలో రెండు ముక్కలు పెట్టేవాడు. ప ఏదో వ ఏదో, డ ఏదో ఢ ఏదో నాకు ఆ గోనెల మీదే తెలిసింది. బడి తెరిచాక పలక మీద న రాయమంటే తిరగేసి రాశాను. మాస్టారు స్కేలుతో కొట్టారు. మర్నాడు నాన్న జేబులో ఒక అక్షరం, సిరా దిండు పెట్టుకుని బడికి వచ్చాడు. మాస్టారి బల్ల మీద కాగితం పరిచి ఆ అక్షరాన్ని అద్ది చూపించాడు. “పిల్ల తప్పు కాదండీ మాస్టారూ. నేనే తిరగేసి చూపించాను” అన్నాడు. మాస్టారు ఆ అక్షరాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. తర్వాత నన్నెప్పుడూ కొట్టలేదు.

1984లో అమ్మ పోయింది. నాకు పదమూడు, తమ్ముడికి తొమ్మిది. జబ్బు గురించి ఇక్కడ చెప్పను. పెద్దకర్మ కార్డు గురించి చెబుతాను.

నాలుగో రోజు రాత్రి నాన్న అచ్చాఫీసు తాళం అడిగి తీసుకున్నాడు. తోడుగా నన్ను తీసుకెళ్లాడు. కార్డులో వేయవలసిన మాటలు మా పెదనాన్న కాగితం మీద రాసిచ్చాడు. నాన్న ఆ కాగితాన్ని కేసుకు గుచ్చి, లైటు వేసుకుని, అమ్మ పేరు పేర్చడం మొదలుపెట్టాడు. ఆయన చేయి అంత నెమ్మదిగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. ఒకచోట ఆగిపోయాడు. పెదనాన్న రాతలో ‘స్వర్గస్తురాలు’ అని ఉంది. అక్కడ త ఒత్తు కాదు, థ ఒత్తు పడాలి. ఆ సైజులో థ ఒత్తు దాని గడిలో లేదు. నాన్న బల్ల కింద నుంచి పాత కేసు లాగి, దుమ్ము దులిపి, లైటు కిందకు జరిపి వెతికాడు. నాకు నిద్ర వస్తోంది, భయంగా కూడా ఉంది. “ఏదో ఒకటి వేసెయ్ నాన్నా” అన్నాను. వినిపించుకోలేదు. దొరికేదాకా వెతికాడు. చుట్టూ నల్ల రూలు బిగించి, ప్రూఫు తీసి, తడి కాగితం నా చేతిలో పెట్టి చదవమన్నాడు. చదివాను.

“థ ఒత్తు సరిగ్గా పడిందా అమ్మా?” అన్నాడు.

పడింది అన్నాను. ఇంకేమీ అనలేదు. ఇద్దరం లైటు తీసేసి కాలవ గట్టు మీద నడుచుకుంటూ ఇంటికి వచ్చాం.

కార్డు అడుగున, ‘ఇట్లు’ కింద, నాన్న పేరు ఉంది. తన పేరు తానే అచ్చుకు పేర్చుకోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

మళ్లీ పెళ్లి చేసుకోమని మేనత్తలు రెండేళ్లు వెంటపడ్డారు. ఆయన ఆ మాట పడనివ్వలేదు. తెల్లవారుజామున లేచి అన్నం, పప్పు వండేవాడు. నాకు జడ వేసేవాడు. ఫారం బిగించిన చేతులు కదా, మధ్యాహ్నం దాకా నుదురు లాగేది. సాయంత్రం ప్రూఫులు ఇంటికి తెచ్చేవాడు. నేను రాతప్రతి పైకి చదవాలి, ఆయన ప్రూఫు చూడాలి. దాన్ని ‘కాపీ పట్టడం’ అంటారు. కామా, చుక్క కూడా పలకాలి. అలా నేను హోమియో వైద్యం చదివాను, కుల సంఘాల వార్షిక నివేదికలు చదివాను, పదో తరగతి గైడ్లు చదివాను, ఒక కవిగారి శతకం మొత్తం చదివాను. ఆ తర్వాత తెలుగు ఎమ్మే చేశాను, ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పాను. నాకు చదువు ఎక్కడ వచ్చిందని ఎవరైనా అడిగితే మా వంటింటి గడప మీద అంటాను. ఆ గైడ్లకు రాత్రిపూట చేసిన అదనపు పనితోనే నా కాలేజీ ఫీజు కట్టాడు నాన్న.

ఇక్కడ ఈ గ్రంథాలయం సంగతి చెప్పాలి. అచ్చయిన పుస్తకం కాపీ కంపోజిటరుకు ఇచ్చే ఆనవాయితీ లేదు. కొనుక్కునే స్తోమత మాకు లేదు. తాను పేర్చిన పుస్తకం గ్రంథాలయానికి వచ్చిందని తెలిస్తే ఆదివారం పొద్దున్నే నాన్న ఇక్కడికి వచ్చి, ఆ కిటికీ పక్కన కూర్చుని, దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివేవాడు. సీసంలో తిరగేసి చదివిన పుస్తకాన్ని కాగితం మీద తిన్నగా చదువుకోవడం అన్నమాట. 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిపించిన అయ్యంకి వెంకటరమణయ్య గారు, ఆ ఉద్యమాన్ని ఊరూరా మోసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు చదువుకునే స్తోమత లేనివాళ్ల కోసమే పాటుపడ్డారు. పుస్తకాన్ని తయారుచేసినవాడే దాన్ని చదువుకోలేని మనిషి కావచ్చునని నాన్నను చూశాకే నాకు తెలిసింది. ఈ ఉపన్యాసం ఏ పెద్ద హాల్లోనో కాకుండా ఇక్కడే జరగాలని నేను పట్టుబట్టింది అందుకే.

1990 దాటాక డీటీపీ వచ్చింది. ఒక్కో అచ్చాఫీసు మూతపడింది. 1993లో నాన్న పనిచేసే చోట అక్షరాలను కిలోల లెక్కన పాతసామాన్ల వాడికి అమ్మేశారు. ముప్ఫై ఎనిమిదేళ్ల పనికి నాన్నకు దక్కింది ఒక నెల జీతం. ఉప్పెన తర్వాత తాను ఒక్కొక్కటిగా ఏరిన అక్షరాలను గోనెల్లో తూకం వేస్తుంటే పక్కన నిలబడి చూశాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. పదిరోజుల తర్వాత గుంటూరు రైలెక్కాడు.

తన దగ్గర స్టిక్కు పట్టడం నేర్చుకున్న కుర్రాడొకడు గుంటూరులో డీటీపీ సెంటరు పెట్టాడు. నాన్నకు అప్పుడు యాభై అయిదేళ్లు. “నాకు నేర్పరా” అని అడిగాడు. ఆ అబ్బాయి “గురువుగారూ” అని కుర్చీ వేశాడు. కేసు ముందు కాకుండా కుర్చీలో కూర్చుని పనిచేయడం నాన్నకు అదే తొలిసారి. ఏ మీట నొక్కితే ఏ అక్షరం పడుతుందో కాగితం మీద రాసుకుని వంటింట్లో స్టవ్వు పైన గోడకు అతికించుకున్నాడు. పప్పు ఉడికేలోగా దాన్ని వల్లెవేసేవాడు. అప్పటి అను ఫాంట్లలో అక్షరం వేరు, ఒత్తు వేరు. ఒత్తును విడిగా కొట్టాలి. అది తెలిసిన రోజు ఇంటికి వచ్చి చిన్నపిల్లాడిలా చెప్పాడు: “కేసు మారిందంతే అమ్మా. ఒత్తు ఇక్కడా విడిగానే ఉంది.”

వేగం మాత్రం రాలేదు. ఇరవై ఏళ్ల పిల్లలతో పోటీ పడలేకపోయాడు. ఇంకో ఇబ్బంది కూడా ఉండేదని చాలా కాలానికి చెప్పాడు. తెర మీద అక్షరం తిన్నగా ఉంటే తప్పు చప్పున దొరికేది కాదట. అన్నేళ్లు తిరగేసి చదివిన కళ్లు మళ్లీ అలవాటు పడడానికి ఏడాది పట్టింది. ఆ తర్వాత ప్రూఫులన్నీ ఆయన దగ్గరికే వచ్చాయి. గుంటూరు, విజయవాడ ప్రచురణకర్తలు కవరులో పెట్టి పంపేవారు. ఎనభై దాటేవరకూ చూశాడు. తప్పుల్ని మనం ‘ముద్రారాక్షసాలు’ అంటాం. నాన్న ఆ మాట వాడేవాడు కాదు. అచ్చుతప్పు అనేవాడు. రాక్షసుడి మీదకు నెట్టడానికేముంది, అది మనం చేసిందే కదా అని ఆయన పట్టింపు.

1995 వైశాఖంలో నా పెళ్లి. అప్పటికి అందరూ రంగుల శుభలేఖలు వేయిస్తున్నారు. నాకూ వాటి మీద మోజు ఉండేది, నాన్నకు చెప్పలేదు. ఒకరోజు ఆయన అటక మీద నుంచి స్టీలు డబ్బా దించాడు. నిండా అక్షరాలు. అచ్చాఫీసు సామాను అమ్మినప్పుడు, నా శుభలేఖకు ఏ అక్షరం ఎన్ని కావాలో ముందే లెక్కగట్టి, తూకం ప్రకారం డబ్బిచ్చి కొని దాచాడు. నా పేరు, తన పేరు, అమ్మ పేరు, తాతల పేర్లు, ‘చి. ల. సౌ.’తో మొదలుపెట్టి అన్నిటికీ సరిపడా ఉన్నాయి. ఒక్కటే ఆయన లెక్కలో లేదు. పెళ్లికొడుకు పేరేమిటో అప్పుడు ఆయనకు తెలియదు. ఆ పేరులో ఘ ఉంది. డబ్బాలో ఘ లేదు.

ఘ కోసం నాన్న పొన్నూరు వెళ్లాడు, చీరాల వెళ్లాడు. చివరికి బాపట్లలో మూతపడిన ఒక అచ్చాఫీసు అటక మీద, ఎలుకలు కొరికిన కేసులో దొరికింది. కాస్త అరిగిపోయింది. బిల్లు పుస్తకాలు వేసే ఒక స్నేహితుడి ట్రెడిల్ మీద రెండువందల కార్డులు తానే తొక్కి అచ్చు వేశాడు. నా శుభలేఖ ఇప్పటికీ నా దగ్గరుంది. చూడండి, అన్ని అక్షరాలూ నల్లగా ఉంటాయి. ఘ ఒక్కటీ కొంచెం పలచగా ఉంటుంది. అడుగున ‘ఇట్లు’ కింద నాన్న పేరు. అది రెండోసారి. మూడోసారి లేదు.

నాన్న ఎన్ని పుస్తకాలు కూర్చాడో ఎవరూ లెక్క పెట్టలేదు. ఆయన చేతి మీదుగా వచ్చినవని నాకు తెలిసిన పుస్తకాలు ఈ గ్రంథాలయంలోనే నలభై ఒకటి ఉన్నాయి. పోయిన వేసవిలో అన్నీ తీసి చూశాను. రచయిత పేరు ఉంది, అంకితం పొందినవారి పేరు ఉంది, పీఠిక రాసినవారి పేరు ఉంది. ముద్రించినవారి పేరూ ఊరూ, ప్రచురించినవారి పేరూ ఊరూ ఉన్నాయి. అవి వేయకపోతే అప్పట్లో 1867 నాటి చట్టం ఒప్పుకునేది కాదు. కంపోజిటరు పేరు వేయాలని ఏ చట్టమూ అడగలేదు, ఎవరూ వేయలేదు. 1746 ప్రాంతంలో బెంజమిన్ షుల్జ్ జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడని మా విద్యార్థులకు ఏటా పాఠం చెప్పేదాన్ని. ఆ అక్షరాలు పేర్చింది ఎవరని ఏ పిల్లా అడగలేదు. నేనూ అడగలేదు. కంపోజిటరు కూతుర్ని అయివుండీ అడగలేదు. అది నన్ను బాధిస్తుంది.

నాన్న 2019లో పోయాడు. తన పేరు వేయలేదని ఆయన ఎన్నడూ నొచ్చుకోలేదు. ఆ నొప్పి నాది. ఈ సభలో ప్రచురణకర్తలు ఉన్నారు, సొంత ఖర్చుతో పుస్తకాలు వేసుకునే కవులున్నారు. మీ అందరినీ అడుగుతున్నాను. మీ పుస్తకానికి అక్షరాలు కూర్చిన అమ్మాయికో అబ్బాయికో, ప్రూఫులు దిద్దిన మనిషికో లోపలి పేజీలో ఒక్క వరుస ఇవ్వండి. దానికి అదనంగా కాగితం పట్టదు. ఇవాళ మీ చేతిలో ఉన్న ఆహ్వానపత్రం తిరగేయండి. చివరి వరుసలో ‘అక్షరాల కూర్పు’ అని ఉంది, పక్కన ఒక పేరు ఉంది. ఆ అమ్మాయి వెనక వరుసలో కూర్చుని ఉంది.